జోళ్ళు విప్పిన చోట

ఆ ఊరి పేరు రాయను. నోరు తిరగక కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు రాజాం హైస్కూల్లో తెలుగు చెప్పి, పిల్లలచేత పద్యాలు పొల్లు పోకుండా చదివించిన నోరు నాది. పేరు రాస్తే ఎవరో ఒకరు లేచి, "అబ్బే, అక్కడివాళ్ళు చాలా మంచివాళ్ళండీ కృపారాణిగారూ" అంటారు. మంచివాళ్ళే. కాదని నేనెక్కడ అన్నాను? ఆ రోజు నాకు ఒళ్ళు మండించింది మంచివాళ్ళే.

జర్మనీలో, నది ఒడ్డున, ఎనిమిది వందల ఏళ్ళ నాటి ఊరు అది. మా అమ్మాయి శాంతి అక్కడ ఆసుపత్రిలో నర్సు. రమ్మని మూడేళ్ళుగా పోరుతుంటే, పోయిన జనవరిలో ముగ్గురం వెళ్ళాం. నేను, మా ఆయన బెన్హరు, డెబ్బై ఆరేళ్ళ మా అత్త ఎలీసమ్మ. ఎండాకాలంలో పోదామంటే శాంతికి సెలవు దొరకదు. దొరికిందల్లా ఈ గడ్డకట్టే పదిహేను రోజులు.

చలికి కావలసినవన్నీ శాంతి ముందే కొని ఉంచింది. మా ఇద్దరికీ ఏవో మామూలు బూట్లు. వాళ్ళ మామ్మకి మాత్రం ప్రత్యేకం. మేము రాజాంలో ఉండగానే వీడియో కాల్లో పాదం కొలత తీయించింది. తెల్లకాగితం మీద అత్త పాదం పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసి, స్కేలు పెట్టి నేను అంకెలు చదివితే అది రాసుకుంది. వంకాయ రంగు బూట్లు, లోపలంతా మెత్తటి ఉన్ని. విమానం దిగిన రోజు అత్త వాటిని తొడుక్కుని, విప్పి, మళ్ళీ తొడుక్కుని, రాత్రికి తలగడ పక్కన పెట్టుకుని పడుకుంది. "నా కాలు కొలిసి తెచ్చిన జోడు ఇదొక్కటేనే" అంది నాతో.

మా అత్తకో పట్టుదల ఉంది. ఒకరు కట్టి విడిచిన గుడ్డ ఆవిడ ముట్టదు. సొంత చెల్లెలు ఒక్కసారి కట్టిన చీర ఇచ్చినా మడత విప్పదు. నా పెళ్ళైన కొత్తలో ఒకరోజు వానలో తడిసి ముద్దై వచ్చింది. పాపం కదా అని నా చీర ఒకటి తీసి ఇచ్చాను. పుచ్చుకోలేదు. తడి చీరతోనే పొయ్యి ముందు కూర్చుని ఆరబెట్టుకుంది. కోడలి చీర కట్టడం నామోషీ కాబోలనుకుని మూడు నెలలు నేను సరిగ్గా మాట్లాడలేదు. పొగరు అనుకున్నాను. ముప్పై ఐదేళ్ళూ అదే అనుకున్నాను.

ఆ ఆదివారం పొద్దున్నే ఊరు చూపిస్తానని శాంతి మమ్మల్ని బయలుదేరదీసింది. ట్రామ్ ఎక్కగానే నా కోపానికి బోణీ అయింది. ఒక దొర పక్క సీట్లో కుక్కని కూర్చోబెట్టుకున్నాడు. మా అత్త కమ్మీ పట్టుకుని నిలబడింది. ఆ కుక్క ఆవిడ వైపు చూసి ఆవులించింది. "సీటు అడగవే" అంటే శాంతి, "ఊరుకో అమ్మా, కుక్కకీ టికెట్ తీశాడు" అంది. టికెట్ తీస్తే మాత్రం?

కోట చూశాం. కోట అంటే మూడు గోడలూ ఒక బావీ. అత్త పుట్టి పెరిగింది బొబ్బిలిలో. ఆవిడ ఆ గోడల్ని కిందికీ మీదికీ చూసి, "దీనికేటే ఇంత మంది?" అంది. మా ఆయనకి మాత్రం అన్నీ అపురూపమే. సాలూరులో లారీ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి కదా, వంతెన చూసి ఎన్ని టన్నులు మోస్తుందో లెక్కలు కట్టాడు. మంచు పట్టిన విగ్రహాలకీ, గంట కొట్టే గడియారానికీ, చివరికి మురుగు కాలవ మూతకీ ఫొటోలు తీశాడు. వేళ్ళు కొంకర్లు పోతున్నా ఆపలేదు.

పది దాటాక ఒక చిన్న చర్చిలోకి వెళ్ళాం. అక్కడ మరీ చిర్రెత్తుకొచ్చింది. జనం బురదమంచు తొక్కిన బూట్లతో టకటకమని లోపలికి నడిచి వచ్చేస్తున్నారు. నేల మీద నల్లటి నీళ్ళు. మా రాజాం చర్చిలో ఆదివారం వరండా అంతా జోళ్ళే ఉంటాయి. పాస్టరుగారు కూడా వట్టికాళ్ళతోనే వేదిక ఎక్కుతారు. దేవుడి ఎదుట జోళ్ళు విప్పాలని మాకెవరూ పాఠం చెప్పలేదు, తల్లిపాలతో వచ్చింది.

"ఇక్కడ ఎవరూ విప్పరమ్మా. చలిదేశం" అంది శాంతి.

"చలి పుట్టించినవాడికి ఆ సంగతి తెలీదేటి? మనకి సువార్త చెప్పినోళ్ళు, ఆళ్ళకే మర్యాద తెలీదు" అన్నాను. తెలుగులోనే, గట్టిగానే అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు, అదొక ఉక్రోషం.

అత్త ఆ చర్చి గుమ్మం దాటలేదు. జోళ్ళతో లోపలికి రాలేదు, విప్పడానికి చోటు లేదు. బయటే చేతులు జోడించి నిలబడి వచ్చేసింది.

తరవాత పెద్ద చర్చికి వచ్చాం. ఆకాశాన్ని పొడిచేలా రెండు గోపురాలు. అంత ఎత్తు కట్టడానికి మూడు తరాలు పట్టిందట. శాంతికి సరిగ్గా అప్పుడే ఆసుపత్రి నుంచి ఫోను. సెలవులో ఉన్నా రేపు డ్యూటీకి రమ్మంటున్నారని ఎవరితోనో వాదిస్తూ, మీరు వెళ్ళండి వస్తానని చెయ్యి ఊపింది.

తలుపు దగ్గరికి వెళ్ళేసరికి నా ప్రాణం లేచి వచ్చింది. కుడిపక్కన చెక్క అర. అందులో జతలు జతలుగా జోళ్ళు. మగవాళ్ళవి, ఆడవాళ్ళవి, కింద చిన్నపిల్లలవి. పక్కన ఒక కొయ్యకి కోట్లు వేలాడుతున్నాయి.

"సూసినారా!" అన్నాను మా ఆయనతో. "ఇది గుడంటే. కోట్లు కూడా ఇప్పేసి ఎల్తన్నారు."

"పైన బోర్డు ఉన్నాది. ఏటి రాసుందో" అన్నాడాయన.

"ఏటుంటాది? విలువైనవి పెట్టొద్దనో, టోకెను తీసుకోమనో. ఇప్పండి."

అత్త మాత్రం బూట్లు విప్పి చేత్తో పట్టుకుని నిలబడింది. "ఎవులైనా ఎత్తుకుపోతారేమోనే కృపా" అంది.

"గుడి ముందర ఎవరెత్తుకుపోతారత్తా? ఇదేటి, మన దేశమా?" అని నేనే వాటిని అందుకుని, ఆవిడ విప్పిన మేజోళ్ళు లోపల కుక్కి, అందరికీ కనబడేలా పై అరలో పెట్టాను. పక్కన పాతబూట్ల మధ్య ఆ వంకాయ రంగు పెళ్ళికూతురిలా మెరిసింది. ఇదంతా ఎందుకు వివరంగా రాస్తున్నానంటే, తప్పు నాదే. ఆ విషయం ముందే ఒప్పేసుకుంటే తరవాత నా కోపం రాయడానికి అడ్డుండదు.

లోపల నేల ఐసుగడ్డ. మేము మేజోళ్ళతో, అత్త వట్టి కాళ్ళతో. ఆవిడ రాతినేల మీదే మోకరించి, నుదురు ముందు బెంచీకి ఆనించి అరగంట ప్రార్థన చేసుకుంది. పక్కనుంచి పోయేవాళ్ళు ఆవిడ మొహం చూడలేదు, పాదాలు చూశారు. చూస్తే చూడనీ, నేర్చుకుంటారు అనుకున్నాను. బూట్లతో తిరుగుతున్న ప్రతివాణ్ణీ నేనూ గుర్రుగా చూశాను. బయట అర పెట్టినా విప్పని మొండివాళ్ళు అని నా లెక్క.

ఇంతలో శాంతి వచ్చింది. మా కాళ్ళు చూసి ఆగిపోయింది. "అమ్మా, బూట్లేవి?"

"బయట అరలో పెట్టాం."

"ఏ అర?" అంది. సమాధానం వినకుండానే పరుగెత్తింది.

మేము వెళ్ళేసరికి నా బూట్లూ మా ఆయనవీ ఉన్నాయి. పై అర ఖాళీ. శాంతి బోర్డు చదివి చెప్పింది. అది జోళ్ళు విప్పుకునే చోటు కాదట. చలికాలంలో ఇల్లూ వాకిలీ లేనివాళ్ళ కోసం ఊళ్ళోవాళ్ళు పాతబూట్లూ కోట్లూ తెచ్చి పెట్టే అరట. ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోవచ్చు. అడగక్కర్లేదు.

పది అడుగుల దూరంలో గోడకి ఆనుకుని ఒక ముసలామె కూర్చుని ఉంది. నాలుగు కోట్లు ఒకదాని మీద ఒకటి వేసుకుంది. కాళ్ళకి వంకాయ రంగు బూట్లు.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఆమె ముందుకి వెళ్ళి నిలబడి, "తియ్యి! అవి మాయి! కొలిసి కొన్నాం! తియ్యి ముందు!" అని అరిచాను. ఆమె కాళ్ళు కోటు కిందికి లాక్కుని, నాకేసి కాకుండా అర దగ్గర నిలబడ్డ ఇంకొకామె వైపు చూసింది.

ఆ ఇంకొకామె, ఎర్ర ఏప్రన్ కట్టుకుని, తెల్లజుట్టుతో, ఆ అర చూసుకునే మనిషట. నవ్వుతూ వచ్చింది. శాంతి జర్మన్‌లో ఏదో చెబుతుంటే తల ఊపుతూ వింది. విని చెప్పిందేమిటంటే, అరలో పెట్టింది ఇచ్చినట్టేనట. ఇచ్చినదాన్ని ఒకరి కాళ్ళ నుంచి విప్పించడం తన వల్ల కాదట. "చాలా బాధగా ఉంది" అందట. బాధగా ఉన్న మొహం అది కాదు.

"ఏటి బాధ? మేము ఇయ్యలేదు! పొరపాటున పెట్టినాం. ఆ మాట సెప్పు దానికి!"

"చెప్పానమ్మా."

"ఇంగ్లీషులో ఇంకో బోర్డు పెట్టొచ్చు కదా అని అడుగు!"

"అమ్మా, ప్లీజ్. జనం చూస్తున్నారు. కొత్తవి కొంటాను మామ్మకి."

"కొను. ఇప్పుడే కొను."

శాంతి మూసి ఉన్న కొట్లకేసి చూసింది. ఆదివారం. ఆ దేశంలో ఆదివారం ఒక్క కొట్టు తెరవరు. ట్రామ్ స్టాపు అరకిలోమీటరు, ఇల్లు ఇంకా అవతల. మంచు మీద నీళ్ళు గడ్డకట్టి అద్దంలా ఉంది వీధి. మా అత్త వట్టి పాదాలతో రాతిమెట్టు మీద నిలబడి, ఒక పాదం మీద రెండో పాదం పెట్టుకుంటోంది. వేళ్ళు అప్పటికే బూడిదరంగుకి తిరిగాయి.

"అడక్కే, వొదిలియ్" అంది అత్త. "అది తొడుక్కున్నాది కద. ఇంక నాకెందుకు?"

అప్పుడు జరిగింది అసలు సంగతి. ఎర్ర ఏప్రన్ ఆమె అత్త పాదాలు చూసింది. చీర చూసింది, మీద కప్పుకున్న పాత శాలువా చూసింది. అయ్యో అన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అర దగ్గరికి పరుగెత్తి, ఒక జత నల్లబూట్లు తీసుకొచ్చింది. మగవాళ్ళవి. మడమల దగ్గర అరిగిపోయి, ముందు భాగం ముడతలు పడి ఉన్నాయి. వచ్చి మా అత్త ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఒక పాదం చేతిలోకి తీసుకోబోయింది. చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా ఏదో చెబుతోంది. తీసుకో, ఉచితమే, సిగ్గుపడకు అంటోందని శాంతి చెప్పనక్కర్లేకుండానే అర్థమైంది.

అత్త పాదం వెనక్కి లాక్కుంది. "వొద్దు" అంది.

"మామ్మా, ఇంటికెళ్ళేదాకా. అరగంట" అంది శాంతి. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వేళ్ళు పోతాయి మామ్మా, నేను నర్సుని, చెప్తున్నా విను."

"పోతే పోనీ."

"మొండితనానికి కూడా అంతుండాలమ్మా" అన్నాడు మా ఆయన.

అత్త ఆయన మొహంలోకి చూసి, "నీకు సెప్పలేదు నేను. ఎవులికీ సెప్పలేదు" అంది. "మిషన్ హాస్టల్లో ఉన్నప్పుడు ఏటేటా క్రిస్మస్‌కి ఓడ మీద పెట్టెలొచ్చీవి. పాతగుడ్డలు. వరసలో నిలబెట్టీవోరు మమ్మల్ని. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నీలం గౌను వచ్చింది. మెడకాడ ఎవులిదో పేరు కుట్టున్నాది. డోరతీ అని. పిల్లలు సూసీసినారు. ఆ ఏడంతా నన్ను డోరతీ అనే పిలిసినారు. పంతులమ్మ కూడా. సిరిగిపోయినా వేరే గుడ్డ లేదు, ఏటి సేస్తాను? ఆ గౌను ఇప్పీసిన నాడు ఒట్టెట్టుకున్నాను. ఒకరు ఇడిసింది నా ఒంటి మీద ఎయ్యనని."

మా ఆయన నేల చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. తడి చీరతో పొయ్యి ముందు కూర్చున్న మనిషిని పొగరుబోతు అని ఊరంతా చెప్పుకున్నదాన్ని నేను.

నేను మెట్టు మీద కూర్చుని నా బూట్లు విప్పాను. మేజోళ్ళు కూడా తీశాను. అవి అత్త ముందు పెట్టాను. ఇవీ విడిచినవే కదా, ఈవిడ ఒట్టు నా దగ్గర కూడా నిలబడుతుందేమో అని భయం వేసింది. అత్త ఆ బూట్లని చూసింది, నన్ను చూసింది. నా భుజం పట్టుకుని కాలు పెట్టింది. ముప్పై ఐదేళ్ళలో నా వస్తువు ఒకటి ఆవిడ తొడుక్కోవడం అదే.

ఇక మిగిలింది నేను. ఎర్ర ఏప్రన్ ఆమె చేతిలోంచి నల్లబూట్లు లాక్కుని తొడుక్కున్నాను. లోపల ఎవరిదో బొటనవేలు చేసిన గుంట ఉంది. నా వేలు అందులోకి వెళ్ళి కూర్చుంది. ఆ మనిషి ఎవరో, ఉన్నాడో పోయాడో. అత్త తొమ్మిదేళ్ళప్పుడు ఏడాది పొడుగునా మోసింది ఇదా అనిపించింది. ఏడుపు రావలసింది, నాకు ఎప్పుడూ కోపమే ముందొస్తుంది.

లేచి నిలబడ్డాను. ఎదురుగా ఆ ఎర్ర ఏప్రన్ ఆమె రెండడుగులు వెనక్కి వేసి, ఫోను పైకెత్తి పట్టుకుని ఉంది.

"ఏటిది?"

శాంతి నా చెయ్యి పట్టుకుంది. "ఫొటో అమ్మా. డబ్బులిచ్చేవాళ్ళకి పంపిస్తారట. నీ మొహం కనబడొచ్చా అని అడుగుతోంది."

ఆమె నాకేసి చూసి, తన పెదాలు రెండు వేళ్ళతో పక్కలకి సాగదీసి చూపించింది. నవ్వమని!

ఇంక నా నోటికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. "నవ్వాలా? నేను గవర్నమెంటు టీచర్ని! నెల తిరిగేసరికి పింఛను వస్తాది నాకు! విమానం ఎక్కి వచ్చినాం, అడుక్కోడానికి కాదు! మా బూట్లు మాకు ఇవ్వకుండా, ఎవుడివో పాతవి తగిలించి, మళ్ళీ పళ్ళికిలించాలా నీకు?" ఆమెకి ఒక్క ముక్క తెలీదు. ఫోను దించలేదు. కొంచెం పక్కకి జరిగి, నా కాళ్ళు కూడా పడేలా చూసుకుంది.

అత్త నా బూట్లతో టకటక నడుచుకుంటూ వెళ్ళి, అరచెయ్యి ఆ ఫోను మీద పెట్టింది. కోప్పడలేదు. "వొద్దమ్మా. జోడు ఇచ్చినావు. సాలు" అంది, తెలుగులోనే. ఆమె మొహం ఎర్రబడింది. ఫోను ఏప్రన్ జేబులో పెట్టేసుకుంది. ఏదో గొణిగింది, క్షమించమని కాబోలు.

మేము ట్రామ్ వైపు నడిచాం. నా నోరు ఆగలేదు. "బాగా సెప్పినావత్తా! ఏం మనుషులు! ఇచ్చిన జోడుకి సాక్ష్యం కావాలేటి? కాళ్ళకి తొడుక్కున్నంత సేపు పట్టలేదు, ఫోను తీసీసింది! ఎదటి మనిషికి మానం ఉంటాదని తెలీదు! చదువుకున్నోళ్ళట, సంస్కారమట..."

"నువ్వు తియ్యవేటి?" అంది అత్త.

"ఏటి?"

"మొన్న క్రిస్మస్‌కి మన గుడికాడ రగ్గులు పంచినారు కద, మీ స్త్రీల సమాజం. రైసుమిల్లులో బస్తాలు మోసినోడు, అసిరయ్య. ఆడికి రగ్గు ఇచ్చినావు. పొటో సరిగ్గా రాలేదని ఎనక్కి లాక్కున్నావు. మల్లీ ఇచ్చినావు. కళ్ళు మూసీసినాడని మల్లీ లాక్కున్నావు. మూడోసారి సెయ్యి సాపడానికి ఆడికి సిగ్గేసింది. నేను పక్కనే ఉన్నాను."

నాకు కోపం వచ్చింది. అబద్ధమెందుకు, ముందు అత్త మీదే వచ్చింది. పరాయి దేశంలో, నడివీధిలో, కూతురి ముందు ఇలా అనొచ్చా అని. అది వేరు అందామని నోరు తెరిచాను. ముప్పై ఒక్క ఏళ్ళు తెలుగు చెప్పినదాన్ని, ఎలా వేరో చెప్పడానికి ఒక్క వాక్యం దొరకలేదు. శాంతి, మా ఆయన ముందు నడుస్తున్నారు. వాళ్ళు వెనక్కి తిరగలేదు, విననట్టు నటించారు.

ట్రామ్‌లో అత్తకి సీటు దొరికింది. నేను ఆ నల్లబూట్లతో కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఎర్ర ఏప్రన్ ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. పరాయిమనిషి, పరాయిభాషలో ఒక్కసారి వద్దంటే ఫోను దించేసింది. అసిరయ్య నాకు వద్దని చెప్పలేకపోయాడు. చెబితే రగ్గు మళ్ళీ ఇవ్వనేమోనని భయపడి ఉంటాడు.